పెదవులు లేని పెట్టె

డార్వెన్ పట్టణంలో హోప్‌హిల్ మిల్లు వెనుక వీధిలో ఇరవై రెండు ఇళ్ళున్నాయి. 1952 నాటికి వాటిలో పదిహేడింటిలో రేడియో ఉండేది. ఏ రోజున ఏ వేళకు ఏ కార్యక్రమం వస్తుందో సందేహం కలిగితే, ఆ ఇళ్ళవాళ్ళు పద్నాలుగో నంబరుకు వెళ్ళి కెజయా ఎంట్విజిల్‌ను అడిగేవారు. ఆమె తడుముకోకుండా చెప్పేది. కెజయాకు చెవులు వినపడవు. ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు.

ఎలా తెలియలేదని ఆ ఊరి బయటివాళ్ళు మాత్రమే అడుగుతారు. కెజయా పన్నెండో ఏట నేతశాలలో చేరింది. నలభై ఆరేళ్ళు నాలుగేసి మగ్గాలు నడిపింది. ఎనిమిది వందల మగ్గాలు ఒకేసారి ఆడే చోట మనిషి గొంతు జానెడు దూరం పోదు. అందుచేత అక్కడి ఆడవాళ్ళు గొంతుతో మాట్లాడరు, పెదవులతో మాట్లాడతారు. ప్రతి మాటనూ సాగదీసి, నోరు పెద్దదిగా చేసి, ముఖమంతా ఉపయోగించి చెబుతారు. ఎదుటివాళ్ళు చూసి వింటారు. ఊళ్ళో దానిని ‘మీమా’ అంటారు. మిల్లు నుంచి ఇంటికి వచ్చినా ఆ అలవాటు పోదు. వీధికి ఇటు గుమ్మం నుంచి అటు గుమ్మానికి, చప్పుడు లేకుండా, గంటసేపు కబుర్లు సాగుతాయి. మూడో మనిషి మీద చెప్పుకోవలసి వస్తే నోటికి ఏప్రన్ అంచు అడ్డం పెట్టుకుంటారు. అలాంటి ఊళ్ళో ఒకరి చెవులు కొంచెం కొంచెంగా మూతపడితే, ఇదిగో ఈ రోజున పోయాయని చెప్పగలిగే రోజు ఉండదు. కెజయాకే ఆలస్యంగా తెలిసింది. ఒక ఉదయం పొయ్యి మీద కెటిల్ మూత ఎగిరెగిరి పడటం ఆమెకు కనిపించింది. దానితో పాటు రావలసింది రాలేదు.

మోకాళ్ళు మొరాయించి ఆమె పని మానుకున్ననాడు, తోటి నేతగత్తెలు తలా కాస్త వేసుకొని ఒక రేడియో కొని ఇచ్చారు. మేస్త్రీ చిన్న ఉపన్యాసం చేశాడు.

“ఇన్నేళ్ళూ మగ్గాల మోత విన్నావు కెజ్జీ. ఇకనైనా కూచుని కాస్త మంచి సంగీతం విను.”

ఆయన పెదవులు చదివి కెజయా ఏడ్చింది. సంతోషమనుకొని అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ వీధిలో ఎవరు మాట్లాడినా ఆమెకు అర్థమయ్యేది. ఒక్క ఆ పెట్టెకే పెదవులు లేవు.

అయినా దానిని మోగించకుండా ఉండటానికి వీల్లేదు. ఇచ్చినవాళ్ళు ఆ వీధివాళ్ళే. పక్కింటికీ ఆ ఇంటికీ మధ్య ఒకే ఇటుక గోడ. అవతల పదహారో నంబరులో బెర్తా కాట్లో ఉంటుంది. ఒక్కరోజు పెట్టె మూగపోతే, సాయంత్రానికల్లా బెర్తా గుమ్మంలో నిలబడి, “ఒంట్లో బాగాలేదా?” అంటుంది. కాబట్టి కెజయా ఒక పద్ధతి ఏర్పరుచుకుంది. శబ్దం పెంచే మీట మీద సున్నంతో చిన్న చుక్క పెట్టుకుంది. చుక్క పైకి వచ్చేదాకా తిప్పేది. శుక్రవారం శుక్రవారం వచ్చే రేడియో పత్రికను బడిపిల్ల పాఠంలా చదివేది. పొద్దుటి ప్రార్థన, పదిన్నరకు పనివాళ్ళ కోసం వాయించే బ్యాండు, ఒక కుటుంబం కథ ధారావాహికగా, మధ్యాహ్నం హాస్యం, ఆ తరువాత ఆడవాళ్ళకు వంటా ఆరోగ్యమూ, ఐదింటికి పిల్లల కథలు, ఆరింటికి వార్తలు, రాత్రికి నాటకమో కచేరీయో. పెట్టె మీద అరచెయ్యి ఆనిస్తే కొంత తెలిసేది. బ్యాండు పిల్లి గురకలా ఉండేది, ఉపన్యాసం డబ్బాలో బఠానీలు కదిపినట్టు ఉండేది. ప్రార్థనకు, వాతావరణ సూచనకు మాత్రం తేడా తెలిసేది కాదు.

ఎవరైనా అభిప్రాయం అడిగితే చెప్పడానికి మూడు సమాధానాలు సిద్ధంగా ఉంచుకుంది. ‘పోయిన వారమే బాగుంది’ అనేది మొదటిది. ‘ఆవిడ గొంతు నాకు పడదు’ అనేది రెండోది. మూడోది, ‘పాపతోనే సరిపోయింది, అంతా వినలేదు.’ ఈ మూడింటితో ఆమెకు మంచి శ్రోతగా పేరు వచ్చింది.

పాప ఎదురింటి డోరీన్ హేడాక్ కూతురు సూసన్. పది నెలల పిల్ల. డోరీన్ నేతశాలలో, ఆమె భర్త విల్ఫ్ బొగ్గు లారీ మీద. పొద్దున్న ఏడుంబావుకు పాప కెజయా ఇంటికి వచ్చి, సాయంత్రం ఐదున్నరకు తిరిగి వెళ్ళేది. కెజయా బిడ్డలను కనలేదు. యాభై ఎనిమిదేళ్ళు నిండిన తరువాత ఒక పిల్ల తన ఒళ్ళో నిద్రపోవడం ఆమెకు కొత్త. ఆ కొత్త పాతబడలేదు.

పై వీధిలో మార్తా అనే ఆమె కూడా పిల్లలను చూసేది. ఆమెకు చెవుడని బయటపడిన మర్నాడే మూడిళ్ళవాళ్ళు పిల్లలను తీసుకుపోయారు. కెజయా దానిని అన్యాయం అనుకోలేదు, హెచ్చరిక అనుకుంది. పాప ఉయ్యాల మంచం కమ్మికి ఒక ఎర్ర ఊలు దారం కట్టి, రెండో కొస తన ఎడమ మణికట్టుకు ముడి వేసుకుంది. వంటింట్లోకి వెళితే మిగిలిన ఊలు ఉండను వదులు చేసేది, తిరిగి వస్తే చుట్టుకునేది. పాప కాలు ఆడిస్తే దారం లాగేది. దారం లాగకపోయినా ఆమె చూస్తూనే ఉండేది. చెవులున్నవాళ్ళు పిల్లను పడుకోబెట్టి తమ పని చూసుకుంటారు. కెజయా పిల్లనే చూసేది.

ఫిబ్రవరి ఆరో తేదీ, బుధవారం. ఆ ఉదయం దేశపు రాజు నిద్రలో చనిపోయాడు. పదకొండుంబావుకు రేడియోలో ఆ మాట చెప్పి, ఆ రోజుకు వేసిన కార్యక్రమాలన్నీ ఆపేశారు. వేళకు వార్తలు తప్ప మరేమీ లేదు.

ఆ సమయానికి కెజయా అరచెయ్యి పెట్టె మీదే ఉంది. బఠానీలు కాసేపు కదిలాయి. ఆ తరువాత ఆగిపోయాయి. పెట్టె వెచ్చగానే ఉంది, ముందు దీపం వెలుగుతూనే ఉంది, కదలిక మాత్రం లేదు. ఆమె పావుగంట అలాగే నిలబడి, పెట్టె పాడైపోయిందని నిర్ణయించుకుంది. బాగుచేసేవాడిని పిలిస్తే వాడు విప్పి బిగించి, ‘ఈ మాత్రం వినిపిస్తే చాలా అమ్మా?’ అని పెట్టె వైపు తిరిగి ఉండే అడుగుతాడు. అందుకని పిలవకూడదని కూడా నిర్ణయించుకుంది. దీపం వెలగనిచ్చి, పత్రిక తీసి, ఆ రోజు తాను వినవలసినవన్నీ మరోసారి చదువుకుంది.

పన్నెండింటికి కిటికీలోంచి చూస్తే ఎదుటి వరసలో తెరలు దించి ఉన్నాయి. ఆ వీధిలో ఎవరైనా పోతే, అన్ని ఇళ్ళవాళ్ళూ ముందు కిటికీ తెరలు దించుతారు. పోయింది ఎవరో ఆలోచించవలసిన పని కూడా లేదు. తొమ్మిదో నంబరు ఇషర్‌వుడ్ క్రిస్మస్ నుంచి మంచం మీద ఉన్నాడు. కెజయా కూడా తెర దించి, ఆయన భార్య ఏగ్నెస్‌కు పంపడానికి బంగాళాదుంపలు కూరి కాల్చే ‘పై’ రొట్టె ఒకటి పొయ్యిలో పెట్టింది.

పగలంతా వీధిలో ఉన్నవాళ్ళు తక్కువ. బెర్తా పొద్దుటే బ్లాక్‌బర్న్‌లో అక్కగారింటికి వెళ్ళింది. ఐదున్నరకు ఆమె, డోరీన్ కలిసి వచ్చారు. బయట మంచూ వానా కలిసి పడుతున్నాయి. డోరీన్ మూతికి మఫ్లరు చుట్టుకుంది. బెర్తా ముక్కుకూ నోటికీ కలిపి చేతిరుమాలు అదుముకుంది. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

“పోయాడు ఆంటీ,” అంది డోరీన్ మఫ్లరు వెనక నుంచి. “రేడియోలో వినే ఉంటావు.”

కెజయాకు కనిపించింది కళ్ళూ, కనుబొమలే. వాటికి తగిన సమాధానం ఆమె దగ్గర మధ్యాహ్నం నుంచీ ఉంది.

“విన్నాను. ఏడవకండమ్మా, ఒక రకంగా మంచిదే అయింది,” అంది పాపకు టోపీ తొడుగుతూ. “ఆ మనిషి పుట్టి బుద్ధెరిగి ఒక్కరోజు ఒళ్ళు వంచి పనిచేశాడా? అన్నీ మంచం దగ్గరికే అందించాలి.”

బెర్తా చేతిరుమాలు తీయబోయి, మళ్ళీ అదుముకుంది.

“పాపం, ఆవిడకే ఇక కాస్త ఊపిరాడుతుంది,” అని కెజయా ముగించింది. “ముందు గది ఖాళీ అయింది కదా. ఎవరినైనా అద్దెకు పెట్టుకోవచ్చు.”

డోరీన్ పాపను ఎత్తుకొని వెళ్ళిపోయింది. బెర్తా గుమ్మం దాటేటప్పుడు ఒకసారి తిరిగి చూసింది. దుఃఖంలో ఉన్నారని కెజయా అనుకుంది.

మర్నాడు ఏడుంబావుకు పాప రాలేదు. ఎనిమిదింటికి కెజయా గుమ్మం మెట్టు రుద్దడానికి బయటికి వచ్చి తల ఎత్తితే, తొమ్మిదో నంబరు గుమ్మంలో ఇషర్‌వుడ్ నల్ల టై కట్టుకొని నిలబడి ఉన్నాడు. పాత సిపాయి. రాజు పోయాడని విని లేచాడు. ఆయన గౌరవంగా తల వంచాడు. కెజయా కూడా వంచింది. ఆ తరువాత మూలన ఉన్న దుకాణానికి వెళ్ళి, నల్ల అంచు వేసిన వార్తాపత్రికను నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివింది.

తిరిగి వచ్చేసరికి బెర్తా ఆమె వంటింట్లో కూర్చొని ఉంది. ఇవాళ చేతిరుమాలు లేదు.

“కెజ్జీ, నా మొహం చూసి చెప్పు. నువ్వు కమ్యూనిస్టువా?”

‘ఇషర్‌వుడ్ అనుకున్నానే’ అన్న మాట కెజయా నాలుక చివర ఉంది. దాని వెనకాలే ఏ ప్రశ్న వస్తుందో కూడా ఆమెకు తెలుసు. నిన్న పొద్దుటి నుంచీ రేడియో పెట్టే ఉంది కదా, అందులో చెప్పారు కదా అని బెర్తా అడుగుతుంది. కమ్యూనిస్టులు పిల్లలను చూడకూడదని ఆ వీధిలో ఎవరూ ఇంతవరకు అనలేదు. చెవిటివాళ్ళు చూడకూడదని అనేశారు.

“అవును,” అంది.

“ఎప్పట్నించి?”

“నిన్నట్నించి.”

“మీ ఆయన బతికుంటే ఏమనేవాడు?”

“ఏమన్నా నేను వినేదాన్ని కాదులే.”

బెర్తా లేచి నిలబడి, పొయ్యి మీది టీ పాత్ర వైపు చూసి, తాగకుండానే వెళ్ళిపోయింది. అంతకు ముందు ఎప్పుడూ అలా జరగలేదు.

వార్త మధ్యాహ్నానికి ఊరి చివరికి చేరింది. కమ్యూనిస్టు పార్టీ శాఖ కార్యదర్శి గ్రిమ్‌షా కరపత్రాలు పట్టుకొని వచ్చాడు. శాఖలో మొత్తం పదకొండు మంది ఉండేవారు. గ్రిమ్‌షాకు పై పెదవినీ కింది పెదవినీ కప్పేసే మీసం ఉంది. ఆయన చాలాసేపు మాట్లాడాడు. కెజయా మర్యాదకు మూడుసార్లు తల ఊపింది. మూడోసారి ఊపినప్పుడు ఆయన జేబులోంచి ఒక కార్డు తీసి, పేరు రాసి ఇచ్చాడు. శాఖలో పన్నెండు మంది అయ్యారు.

సాయంత్రం విల్ఫ్ వచ్చాడు. నౌకాదళంలో ఐదేళ్ళు పనిచేసినవాడు. రోజూ నున్నగా గడ్డం గీసుకుంటాడు. అతని ప్రతి మాటా స్పష్టంగా కనిపించింది.

“మా పాపని ఇకమీదట బెర్తా గారు చూసుకుంటారు. నీ రాజకీయం నీ ఇష్టం, నా కూతురు నా ఇష్టం.”

“సరే బాబూ.”

“పాల సీసా ఇక్కడే ఉండిపోయిందట.”

కెజయా కడిగి ఆరబెట్టిన సీసా తెచ్చి ఇచ్చింది. అతను వెళ్ళాక కుర్చీలో కూర్చుంది. కమ్యూనిస్టు అయినందుకు ఆమెకు మిగిలింది ఒక కార్డు. నిజం చెబితే అది కూడా మిగలదు. రేడియో మీట తిప్పి ఆపేసింది. పత్రికలో చదవవలసింది ఏదీ కనిపించలేదు.

ఎనిమిది రోజులు అలా గడిచాయి. ఎర్ర దారం మణికట్టుకే ఉంది. రెండో కొస దేనికీ కట్టి లేదు.

రాజు అంత్యక్రియలు తరువాతి వారం శుక్రవారం జరిగాయి. సరిగ్గా రెండు గంటలకు దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటించాలని చెప్పారు. ఆ నెలలో బట్టకు గిరాకీ లేక హోప్‌హిల్ మిల్లులో శుక్రవారాలు పని ఇవ్వడం లేదు. అందుచేత ఆడవాళ్ళందరూ ఇళ్ళ దగ్గరే ఉన్నారు. రెండవుతూండగా అందరూ నల్ల కోట్లు వేసుకొని ఎవరి గుమ్మంలో వారు నిలబడ్డారు. బెర్తా తన గుమ్మంలో నిలబడింది, ఇషర్‌వుడ్ తన కర్ర మీద ఆనుకొని నిలబడ్డాడు. ఎదురుగా డోరీన్, చంకలో పాప.

మిల్లు కూత వినపడకపోయినా తలలు వాలడం చూసి మౌనం మొదలైందని కెజయాకు తెలిసింది. ఆమె తల వంచలేదు. వంచితే మౌనం ఎప్పుడు ముగిసిందో తెలియదు. అందువల్ల పాప ముఖం ఆమెకు కనిపించింది. పాప కూడా ఆమెను చూసింది. చూసి, రెండు చేతులూ చాపి, నోరు గుండ్రంగా సాగదీసి, పెదవులు కలిపి విడదీసి, ఎంతో శ్రద్ధగా ఏదో చెప్పింది. గొంతులోంచి ఏమీ రాలేదు.

అది డోరీన్ చూసింది. కూతురి నోటినీ, ఎదుటి గుమ్మాన్నీ మార్చి మార్చి చూసింది. వీధిలో ఎక్కడా చిన్న అలికిడి లేదు. డోరీన్ పెదవులు కదిలాయి.

“ఇది నువ్వు నేర్పావా?”

“లేదు. అదే నేర్చుకుంది,” అన్నాయి కెజయా పెదవులు.

“ఆ రోజు అట్లా ఎందుకన్నావు ఆంటీ? నాకు నిద్ర పట్టలేదు.”

“నేను ఇషర్‌వుడ్ పోయాడనుకున్నా.”

డోరీన్ తొమ్మిదో నంబరు వైపు చూసింది. ఇషర్‌వుడ్ కళ్ళు మూసుకొని నిటారుగా ఉన్నాడు. డోరీన్ భుజాలు అదిరాయి. అలాంటి రోజున భుజాలు అదరడం తప్పుగా కనిపించదు. ఆమె నవ్వు తమాయించుకొని మళ్ళీ పెదవులు విప్పింది.

“మరి రేడియోలో చెప్పారుగా? నీ పెట్టె మోగుతూనే ఉందిగా?”

ఎనిమిది రోజులుగా కెజయా దాటవేస్తూ వచ్చిన ప్రశ్న అదే. దాటవేయడం వల్ల దక్కింది ఏమీ లేదని కూడా ఆమె ఈ ఎనిమిది రోజుల్లో తేల్చుకుంది.

“నాకు వినపడదు తల్లీ. తొమ్మిదేళ్ళయింది.”

డోరీన్ పాపను గట్టిగా పట్టుకుంది.

“ఇది ఏడిస్తే?”

కెజయా కోటు ఎడమ చేతిని పైకి జరిపి ఎర్ర దారం చూపించింది. “రెండో కొస మంచానికి కడతా. కాలు కదిపినా తెలుస్తుంది. ఏడుపు దాకా రానివ్వను.”

తలలు పైకి లేచాయి. రెండు నిమిషాలు అయిపోయాయి. డోరీన్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కెజయా తన గుమ్మంలో మరికొంతసేపు నిలబడింది, ఆ తలుపు తెరుచుకుంటుందేమోనని. తెరుచుకోలేదు.

ఆమె లోపలికి వచ్చేసరికి వెనక తలుపు నుంచి బెర్తా వచ్చి, తన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చొని ఉంది.

“రాజుగారి కోసం రెండు నిమిషాలు నోరు మూసుకోలేకపోయారు ఇద్దరూ.”

“నువ్వు తల వంచుకునే ఉన్నావుగా?”

“తలే వంచాను. కళ్ళు వంచలేదు.” బెర్తా టీ పోసుకుంది. “చెవిటిదానివైతే ఆ పెట్టె అంత గట్టిగా ఎందుకు పెట్టేదానివే ఇన్నాళ్ళూ?”

“నువ్వు అనుమానపడకుండా.”

“బాగుంది. మరి ఈ ఎనిమిది రోజుల్నించి ఎందుకు పెట్టట్లేదు? ఆ కథలో చిన్నమ్మాయి ఆ దంతాల డాక్టర్ని చేసుకుందో లేదో నాకెట్లా తెలియాలి?”

“నీకు రేడియో ఉందిగా.”

“నేనెప్పుడైనా ఉందన్నానా? నాకు గోడ ఉంది.”

వీధిలో రేడియోలు లేని ఐదిళ్ళలో ఒకటి పదహారో నంబరని కెజయాకు అప్పుడు తెలిసింది. గోడకు అటు వినేవాళ్ళుండి పెట్టె లేదు, ఇటు పెట్టె ఉండి వినేవాళ్ళు లేరు. నాలుగేళ్ళు ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే రేడియోను పంచుకున్నారు.

“చెప్తావా ఎవరితోనైనా?” అని అడిగింది కెజయా.

“ఏమని? చెవిటి కమ్యూనిస్టువనా? ఒక్కటి చెప్తేనే నమ్మట్లేదు.” బెర్తా కప్పు కింద పెట్టింది. “నా సంగతి చెప్పాలంటే, ఆ పిల్లని ఇక నేను మొయ్యలేను. వెనక్కి తిరిగితే బొగ్గు తింటోంది.”

శని, ఆదివారాలు కెజయా ఎదుటి తలుపునే చూసింది. సోమవారం ఏడుంబావుకు ఆ తలుపు తెరుచుకుంది. డోరీన్ పాపతో వీధి దాటి వచ్చి, మఫ్లరు గడ్డం కిందికి లాగి, మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ తరువాత ఎన్నడూ ఆమె ఆ ఇంట్లో మఫ్లరు లాగకుండా మాట్లాడలేదు.

“విల్ఫ్‌కి చెప్పాను ఆంటీ. చాలాసేపు ఆలోచించాడు. ఓడ మీద కాపలా అంటే చూడ్డమే, వినడం కాదు అన్నాడు. బెర్తా గారి దగ్గర ఇది తిన్న బొగ్గు లెక్క కూడా చెప్పాను.”

“మరి నా పార్టీ?”

“మానేశావని చెప్పా.”

“మానలేదు. కార్డు ఉంది. గ్రిమ్‌షా మంచివాడు, పాపం, ఆ మీసం వెనక ఏమంటాడో ఒక్కసారి చదవాలని ఉంది.”

“అయితే కార్డు దాచెయ్. ఇంకోటి, విల్ఫ్ ఒకటే షరతు పెట్టాడు.” డోరీన్ సంచిలోంచి కొత్త ఊలు ఉండ తీసింది. నీలం రంగు. “తాడు ఎర్రది వద్దన్నాడు.”

కెజయా ఎర్ర దారం విప్పి, నీలం దారం మంచం కమ్మికి ఒక కొస, మణికట్టుకు ఒక కొస కట్టుకుంది. డోరీన్ మిల్లుకు వెళ్ళింది. పదిన్నరకు కెజయా లేచి, సున్నం చుక్క పైకి వచ్చేదాకా మీట తిప్పింది. బీరువాలో పళ్ళాలు సన్నగా అదిరాయి. అది బ్యాండు కాదు. అవతల బెర్తా తన కుర్చీని గోడ దగ్గరికి జరుపుకుంటోంది.